కాలువ లేని నేల

మా గ్రంథాలయంలో, చదువుల గది తూర్పు గోడకి ఒక పెద్ద తైలవర్ణ చిత్రం వేలాడుతూ ఉంటుంది. కింద ఇత్తడి రేకు మీద ‘మూరుల రాజభవనం – లోపలి భాగం’ అని చెక్కి ఉంది; ఒకప్పుడు స్పెయిన్‌ని ఏలిన ముస్లింలే ఈ మూరులు. గీసినవారి సంతకం ఉండవలసిన మూల ఎప్పుడో నల్లబడిపోయింది. ఆ బొమ్మ కింది కుర్చీలో నేను ముప్పై ఎనిమిదేళ్ళు కూర్చున్నాను. అచ్చాపీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం నాది. పగలంతా తప్పులు వెతికి వెతికి, సాయంత్రం కాసేపు ఏ తప్పూ పట్టుకోనక్కర్లేని చదువు కోసం అక్కడికి వెళ్ళేవాణ్ణి; రిటైరయ్యాక పగళ్ళూ అక్కడే. బొమ్మ నా నెత్తిమీదే ఉండేది కాబట్టి దాన్ని నేను చూసింది తక్కువ. దాన్ని నాకు కుదురుగా చూపించినవాడు కూడబలుక్కుని చదివే ఒక తాపీమేస్త్రి.

ఆయన పని నేలలు పరచడం. అందరూ రసమట్టం అనే పిలిచేవారు. గాజుగొట్టంలో బుడగ అటూ ఇటూ జరుగుతూ నేల ఎటు వాలిందో చెప్పే పనిముట్టు అది. ఆయన సంచిలో అది లేని రోజు లేదు. పిలుపు ఎవరు మొదలుపెట్టారో గానీ అసలు పేరు ఆయన ఇంటి కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. కొత్త ఇంటికి వెళ్తే మనుషుల మొహాలు చూసేవాడు కాడు, ముందు నేల చూసేవాడు. టీ ఇస్తే కప్పు తీసుకెళ్ళి నేలమీద పెట్టి, టీ ఏ పక్కకి ఎక్కువ నిండిందో చూసుకుని అప్పుడు తాగేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒంగి వేలి కణుపుతో బిళ్ళ మీద టకటక కొట్టి చెవి పెట్టేవాడు. కింద సిమెంటు సరిగ్గా పట్టకపోతే ఆ చోట బోలుగా మోగుతుంది. ఒకసారి మా వీధిలో ఎవరో తమ వియ్యంకుడి మంచితనం గురించి గంటసేపు చెబితే, ఈయన అంతా విని, “మంచివారే గానీ, వారింట్లో గుమ్మం దగ్గర నాలుగు బిళ్ళలు బోలుగా ఉన్నాయి” అన్నాడు. ఆ మాటతో ఆ వియ్యంకుడి మీద ఉన్న గౌరవం వీధంతా కొంచెం తగ్గింది.

మోకాళ్ళ మీదే బతికిన మనిషి. మోకాలి చిప్పల మీద చర్మం చెప్పు అట్టలా గట్టిపడి నల్లబడింది. అరవై దాటాక కూర్చుంటే లేవలేక, లేస్తే కూర్చోలేక పెద్ద పనులు మానేశాడు. అయినా ప్రతి గురువారం మధ్యాహ్నం గ్రంథాలయానికి వచ్చేవాడు. పుస్తకం తీసేవాడు కాడు. బొమ్మ ఎదురుగా కాసేపు నిలబడి, గది మధ్యలో ఉన్న కార్డు బీరువాలకి అటు పక్కా ఇటు పక్కా ఒకసారి తిరిగి, వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి, “పాత వీక్లీలు ఏమైనా ఉన్నాయా సారూ? మా ఆవిడకి” అనేవాడు.

ఆ ఆవిడని నేను చూడకుండానే ఎరుగుదును. ఆవిడ చదివి తిప్పి పంపిన వారపత్రికలతోపాటు ఒక్కో సందేశం వచ్చేది. “ఆ సీరియల్లో మూడోవారం పిల్లకి ఒక అక్క ఉంది, ఏడోవారం ఒక్కతే కూతురంటున్నారు. అక్క ఏమైందో సారుని కనుక్కోమంది.” నేను వెతికి చూస్తే నిజమే, అక్క మాయమైంది. అచ్చాపీసులో అటువంటి కన్ను ఇంకొకటి ఉంటే నా ఉద్యోగానికే ఎసరు వచ్చేది. “ఆవిణ్ణి ఇక్కడికే తీసుకురారాదా మేస్త్రీ? ఇన్ని పుస్తకాలున్నాయి” అని ఒకటి రెండుసార్లు అన్నాను. “దానికి దుమ్ము పడదు సారూ. ఆయాసం” అనేవాడు, నేల చూస్తూ. ఆయన ఎప్పుడూ నేలే చూసేవాడు గనక నాకేమీ అనుమానం రాలేదు.

ఇక ఆ బీరువాల గురించి చెప్పాలి. చదువుల గది నడిమధ్య, ఈ గోడ నుంచి గుమ్మం ముందరి చాప దాకా, పుస్తకాల పేర్లు రాసిన కార్డులుండే సొరుగుల బీరువాలు వరసగా ఉండేవి. గది రెండు ముక్కలైనట్టుండేది. ఇటు కూర్చున్నవాడికి అటువైపు పేపరు కావాలంటే గుమ్మం దాకా వెళ్ళి చుట్టి రావాలి. బీరువాల మీద ఒక చెక్క పలక, ‘ఈ బీరువాలను కదపరాదు’ అని. ఎందుకు కదపరాదో ఎవరూ అడగలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు నేనూ చుట్టే తిరిగాను. అచ్చులో ఉన్న మాటని అనుమానించడం నా వృత్తి. రంగుతో రాసిన మాటని మాత్రం నమ్మేశాను.

కిందటేడాది కొత్త లైబ్రేరియన్ వచ్చింది. చురుకైన పిల్ల. మూడు నెలల్లో పుస్తకాల జాబితా అంతా కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక గురువారం గుమ్మం దగ్గర కాగితం అంటించింది: వచ్చే సోమవారం కార్డు బీరువాలు తీసేస్తాం, పాఠకులు సహకరించాలి.

రసమట్టం ఆ కాగితం మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. రెండోసారి చదివాడు. తర్వాత నా దగ్గరికొచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆయన అక్కడ కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

“సారూ, మీరు పెద్ద చదువరులు. మీ మాట వింటారు. ఒక ఉత్తరం రాసి పెట్టండి.”

“ఏమని?”

“బీరువాలు కదపొద్దని. కదిపితే నేల కుంగుతుందని.”

“నిజంగా కుంగుతుందా?”

ఆయనకి కోపం వచ్చింది. “ఎందుకు కుంగుతుంది? నేనేసిన నేల!”

అని, నాలిక్కరుచుకున్నాడు. నేను కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. ఆ గది నేల ఆయన వేసిందని నాకు అప్పటిదాకా తెలీదు.

“లేవండి సారూ. ఒకసారి లేచి ఇటు రండి. మీరెప్పుడూ దీనికి వీపు పెట్టే కూర్చుంటారు” అని నన్ను బొమ్మ ముందుకి తీసుకెళ్ళాడు.

అప్పుడు చూశాను. సన్నటి జంట స్తంభాలు, వాటి మీద గుర్రపు నాడాల్లా లోపలికి వంగిన ఆర్చీలు. ఒక ఆర్చీలోంచి చూస్తే ఇంకొకటి, అందులోంచి ఇంకొకటి. నడుము ఎత్తు దాకా నీలం, ఆకుపచ్చ బిళ్ళలు. ఆపైన గోడంతా లేసు అల్లినట్టు సున్నపు చెక్కడం. ఎడమ పక్క జాలీ కిటికీలోంచి ఎండ ముక్కలు ముక్కలుగా నేలమీద పడుతోంది. నేల నిండా ఎనిమిదేసి మొనల నక్షత్రాలు. మనుషులెవరూ లేరు. ఒక స్తంభం మొదట్లో మాత్రం పసుపుపచ్చ చెప్పుల జత.

“కుడిపక్క గోడ నుంచి నక్షత్రాలు లెక్కపెట్టండి” అన్నాడు మేస్త్రి.

“పదకొండు.”

“ఎడమ పక్క?”

“పదకొండే.”

“మధ్యలో?”

మధ్యలో సన్నటి కాలువ. వెనకెక్కడో చిన్న ఫౌంటెన్ నుంచి మొదలై, నేలని నిలువునా చీల్చుకుంటూ, బొమ్మ చూసేవాడి కాళ్ళ దగ్గర దాకా వస్తుంది. “నీళ్ళు” అన్నాను.

“అదే సారూ. నేను నీళ్ళు తీసేశాను.”

గొంతు తగ్గించి ఆ సంగతంతా చెప్పాడు. నలభై ఒక్కేళ్ళ కిందటి మాట. అప్పుడాయనకి ఇరవై మూడు. మేనమామ దగ్గర పని నేర్చుకుంటున్నాడు. మామ ఊరంతటికీ పెద్ద మేస్త్రి, మెచ్చుకోవడం అనేది పుట్టుకతోనే రాని మనిషి. ఆయనకి కామెర్లు వచ్చి మంచం పట్టడంతో ఈ గది మొదటిసారి మేనల్లుడి చేతికొచ్చింది. అప్పటి గ్రంథాలయం అధ్యక్షుడికి ఈ బొమ్మంటే ప్రాణం. “అచ్చం ఆ నేలే ఇక్కడ కావాలోయ్. కాలువ మాత్రం వద్దు, పుస్తకాలు తడిస్తే నాది పూచీ కాదు” అని నవ్వాడట. ఆయన సరదాకి అన్నాడు, ఈయన కొలతగా తీసుకున్నాడు.

“మొదటి బిళ్ళ గది నడిమధ్య పెట్టాలి సారూ. అది మా పనిలో ఓనమాలు. నడుమ నుంచి గోడల వైపు వస్తే, తేడా ఎంతున్నా గోడవారకి పోతుంది. అక్కడ కోసిన ముక్కలు పడతాయి. ఆపైన బీరువానో మంచమో వస్తుంది.”

“అందరి ఇళ్ళల్లోనూ అంతేనా?”

“మరి? ‘ఈ మూల బీరువా పెట్టుకోండమ్మా, గాలి బాగా ఆడుతుంది’ అని మేమే చెప్తాం. పెట్టేస్తారు.”

మా ఇంట్లో బీరువా ఎక్కడుందో, అక్కడ ఉండమని ఎవరు చెప్పారో ఒక్క క్షణం గుర్తొచ్చింది. అడగలేదు.

“మరి నువ్వెందుకు నడుమ నుంచి మొదలుపెట్టలేదు?”

“బొమ్మ చూసే కదా వెయ్యమన్నారు. బొమ్మలో నడుమ నీళ్ళు. నీళ్ళ మీద మొదటి బిళ్ళ ఎలా పెడతాను? గోడ దగ్గర నక్షత్రం నిండుగా ఉంది. సరే, అక్కణ్ణుంచే రావాలి కాబోలు అనుకుని, ఈ గోడ నుంచి సగం, ఆ గోడ నుంచి సగం వేసుకుంటూ వచ్చాను. తొమ్మిదోనాడు రెండు వైపులూ ఎదురుపడ్డాయి.” కుడిచేతి బొటనవేలు మడిచి, తక్కిన నాలుగు వేళ్ళూ చూపించాడు. “ఇంత సందు. బిళ్ళ పట్టదు. వెనక్కి తీద్దామంటే మొత్తం బిగిసిపోయింది. ముక్కలు కోసి కూరాను. ఆ వరస నక్షత్రాలన్నీ తలుపు సందులో వేలు పడ్డట్టు నలిగిపోయాయి.”

అప్పటి లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళి, నేల కొత్తది కాబట్టి నడిమధ్య బరువు లేకపోతే పొంగుతుందని చెప్పాడు. ఆ పెద్దమనిషి పుస్తకాలు తప్ప లోకం తెలియనివాడు. ఆ మధ్యాహ్నమే బీరువాలు మధ్యకి లాగించాడు. వారం తిరక్కుండా చెక్క పలక కూడా రాయించాడు. పదోనాడు మామ పచ్చబడ్డ కళ్ళతో, కర్ర పట్టుకుని వచ్చాడు. అటు పక్క చూశాడు, ఇటు పక్క చూశాడు. “బాగుంది” అన్నాడు. గుమ్మం దాటుతూ మళ్ళీ “బాగుంది” అన్నాడు. ఇంటికెళ్ళి తన రసమట్టం తీసి మేనల్లుడి చేతిలో పెట్టాడు. రెండు నెలలకి కూతుర్నీ ఇచ్చాడు.

“మా ఆవిడ ఎవరొచ్చినా అదే చెప్తుంది సారూ. ‘మా నాన్న జన్మలో ఎవర్నీ మెచ్చుకోలేదు, ఆ గది నేల చూసి రెండుసార్లు మెచ్చుకున్నాడు, అందుకే నన్ను ఈయనకిచ్చాడు’ అని. ఊరు నవ్వితే నవ్వనీ, ఊళ్ళో సగం ఇళ్ళు బోలువే. అది నవ్వితే నేనెక్కడ దాక్కోను?”

“అందుకేనా ఆవిణ్ణి ఇక్కడికి తీసుకురానిది?”

ఆయన సంచిలోంచి రసమట్టం తీసి, నా బల్లమీద పెట్టి, బుడగ కుదురుకునేదాకా చూసి, మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఉత్తరం రాశాను. కార్డుల గొప్పతనం గురించి, చేతిరాత గురించి, పాత వస్తువుల మర్యాద గురించి ఒకటిన్నర పేజీ. నేను దిద్దిన ప్రూఫుల్లో ఇలాంటివి వందలు చూశాను. విషయం లేనిచోట విశేషణాలు బలుస్తాయి. మర్నాడు లైబ్రేరియన్ అమ్మాయి దాన్ని శ్రద్ధగా చదివి, నన్ను కూర్చోబెట్టింది.

“ఉత్తరం బాగుంది సార్. ఒక్కటి చెప్పండి, ఈ పదేళ్ళలో మీరు ఒక్క సొరుగైనా తెరిచారా?”

“లేదమ్మా.”

“చక్రాల కుర్చీలో వస్తారే, రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్‌గారు, ఆయన రోజూ గుమ్మం దగ్గరే పేపరు చదువుకుని వెళ్ళిపోతున్నారు. ఈ బీరువాల పక్కనుంచి ఆయన కుర్చీ పట్టదు. ఆయనకి ఏం చెప్పమంటారు?”

ఆయన్ని నేనూ రోజూ పలకరిస్తాను. గుమ్మం దగ్గర గాలి బాగుంటుందని కూర్చుంటున్నాడనుకున్నాను. ఉత్తరం వెనక్కి తీసుకున్నాను.

శనివారం మేస్త్రి ఇంటికి వెళ్ళాను. ఆయన వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. లోపల్నుంచి ఆవిడ గొంతు, “ఎవరయ్యా?” అని.

“ఎవరూ లేదు, పనిమీద వచ్చారు” అని కేకేసి, నన్ను గేటు దాకా నడిపించుకుంటూ వచ్చేశాడు.

“కుదర్లేదు మేస్త్రీ” అన్నాను.

“తెలుసు సారూ.”

“ఎవరో చూసి చెప్పేకంటే నువ్వే చెప్పెయ్యి.”

“నలభై ఏళ్ళు చెప్పలేంది రెండు రోజుల్లో ఎలా చెప్తాను? ఏ మాటతో మొదలుపెట్టాలి?”

“నడుమ నుంచి మొదలుపెట్టు” అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

సోమవారం పది గంటలకి నలుగురు కూలీలు వచ్చారు. సొరుగులన్నీ ముందే ఖాళీ చేశారు. మొదటి బీరువా పట్టుకోబోతుండగా గుమ్మంలో మేస్త్రి కనిపించాడు. ఆయన వెనకాల ఒక పొట్టి మనిషి, కళ్ళజోడు దారంతో మెడలో వేలాడుతూ, పెళ్ళిళ్ళకి దాచుకునే చెప్పులు వేసుకుని. చెప్పలేక, ఆవిణ్ణి తీసుకొచ్చేశాడు.

“అన్నయ్యగారూ, మీరేనా?” అంది నన్ను చూసి. “ఆ అక్క సంగతి తేలనే లేదు.”

“తేలలేదమ్మా. రాసినాయన మర్చిపోయాడు.”

“మర్చిపోతే ఒప్పుకోవాలి గానీ, చదివేవాళ్ళకి కళ్ళు లేవనుకోవడం ఏం బాగుంది?”

మేస్త్రి అటు తిరిగి బొమ్మ చూస్తున్నాడు.

బీరువాలు ఒక్కొక్కటే లేచాయి. కింద నలభై ఏళ్ళ దుమ్ము, దూదిపరుపులా. అందులో పెన్సిలు ముక్కలు, ఒక దువ్వెన, తప్పిపోయిన కార్డులు, ఎవరో పసిపిల్ల గిలక్కాయ. ఊడ్చి, తడిగుడ్డ పెట్టారు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నలిగిన నక్షత్రాల వరస బయటపడింది. కొన్నిటికి ఆరు మొనలు, కొన్నిటికి అయిదు. ఒకదానికి నాలుగే.

లైబ్రేరియన్ అమ్మాయి తల పక్కకి వంచి చూసింది. “మధ్యలో ఇదేంటి, డిజైనేనా?”

“పాతకాలం డిజైన్లు ఇంతేనండీ” అన్నాడు కూలీల్లో ఒకడు. “కావాలనే వంకర పెట్టేవాళ్ళు.”

“బాగానే ఉంది. వెరైటీగా ఉంది” అని ఆ అమ్మాయి కాగితంలో ఏదో టిక్కు పెట్టుకుంది.

అంతే. ఎవరికీ ఏమీ తెలియలేదు. నలభై ఒక్కేళ్ళు ఆ మనిషి మోసిన బరువు, అడక్కుండానే ఎవరో దింపి పక్కన పెట్టేశారు. నేను ఆయన మొహం చూశాను. ఒక్క క్షణం ఊపిరి తీసుకున్నాడు. ఆవిడ కూడా వరస వంక చూసి, ఏమీ అనలేదు. ఆయన నోరు మూసుకుంటే చాలు.

“డిజైను కాదమ్మా” అన్నాడు మేస్త్రి. “తప్పు. నేను చేశాను.”

చీపురు పట్టుకున్న కూలీ ఆగాడు. ఆవిడ మెల్లగా ఒంగి, నలిగిన నక్షత్రం మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టింది. పెద్ద మేస్త్రి కూతురు మరి.

“బోలు లేదు” అంది. “ఎంత తేడా?”

“నాలుగు వేళ్ళు.”

“నాన్నకి తెలుసా?”

“తెలీదు. బీరువాలు అప్పటికే పెట్టించేశాను. రెండుసార్లు బాగుందన్నాడు.”

“మా నాన్నా? ఒకసారి అంటేనే అనుమానించాలి” అంది. కూలీలు నవ్వారు. మేస్త్రి కూడా నవ్వబోయాడు.

ఆవిడ అప్పటికే అటువైపు చూడటం లేదు. తలెత్తి గోడల పొడుగునా అలమరాలు చూస్తోంది. దగ్గరికెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకాల వీపుల మీద వేలు పెట్టి రాసుకుంటూ నడిచింది. ఒక అలమర అయ్యాక ఇంకొకటి. చివరికి లైబ్రేరియన్ని అడిగింది, “ఇవి ఇంటికిస్తారా అమ్మా?”

“రెండేసి ఇస్తామండీ. పదిహేను రోజులకి.”

“ఎప్పట్నుంచి ఇస్తున్నారు?”

“మొదట్నుంచీ ఇస్తున్నదేనండీ.”

ఆవిడ వెనక్కి తిరిగింది.

“నాకు దుమ్ము పడదన్నావు.”

మేస్త్రి నేల చూశాడు.

“నలభై ఏళ్ళు నువ్వు తెచ్చిన సిమెంటు బట్టలు దులిపి ఉతికాను. ఒక్క తుమ్ము రాలేదు. పుస్తకాల దుమ్ము పడదన్నావు, నమ్మాను. డాక్టరు దగ్గర కూడా అదే చెప్పాను. నాకు దుమ్ము పడదండీ అని.”

“ఆ వరస నువ్వు చూస్తే...”

“చూస్తే ఏం చేసేదాన్నయ్యా? నవ్వేదాన్ని. ఒక పూట నవ్వేదాన్ని.”

గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని నాకు అనిపించింది. మేస్త్రి చేతులు రెండూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సంచి పట్టీ పట్టుకున్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను. ప్రతి గురువారం వీక్లీలు కట్టకట్టి ఇచ్చి పంపినవాణ్ణి, ఆ అబద్ధానికి నేనూ మేకు కొడుతూ వచ్చినట్టే కదా. ఆవిడ ఆరోజే సభ్యత్వం ఫారం నింపి, రెండు పుస్తకాలు తీసుకుని, మొగుడికోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి రోజూ వచ్చేది. ఒక్కతే. ఇంట్లో ఆయనతో మాటలు బంద్ అని మేస్త్రి నాతో చెప్పాడు. “అన్నం పెడుతుంది సారూ, అంతా చేస్తుంది. మాటే లేదు. చదువుతూనే ఉంటుంది. నేను పక్కన ఉన్నానో లేదో కూడా తెలీనట్టు.” పుస్తకంలో పడ్డ మనిషికి పక్కన ఎవరున్నా తెలియదు. అది కోపమో చదువో తేల్చడం కష్టం.

ఒకరోజు ఆవిడ బొమ్మ ముందు నిలబడి ఉంటే నేను వెళ్ళాను.

“అన్నయ్యగారూ, ఆ చెప్పులు చూశారా? ఆడమనిషివి. విప్పేసి లోపలికి వెళ్ళింది.”

“మీకెలా తెలుసు?”

“మగవాళ్ళు అంత కుదురుగా ఎక్కడ విప్పుతారు?”

మేస్త్రి ఆ వారం లైబ్రేరియన్ని కలిశాడు. కూలి వద్దు, సామాను తనదే, వారం రోజులు గదిలో పని చేసుకోనిమ్మన్నాడు. “ఏం చేస్తారు?” అని ఆ అమ్మాయి అడిగితే, వేలు ఎత్తి బొమ్మలో కాలువ చూపించాడు.

నలిగిన వరసనీ, దానికి అటొకటి ఇటొకటి వరసల్నీ తీసేస్తే రెండు పక్కలా నిండు నక్షత్రాలు మిగులుతాయి. నడుమ అడుగున్నర పైచిలుకు ఖాళీ. అందులో సాదా నీలం బిళ్ళలు. అలాంటి నీలం ఇప్పుడెవరూ చెయ్యడం లేదు. కానీ మేస్త్రీలు ప్రతి పనిలోనూ మిగిలిన బిళ్ళలు నాలుగైదు ఇంటికి తెచ్చుకుని దాస్తారు. ఆయన పెరటి షెడ్డులో నలభై ఏళ్ళ మిగుళ్ళున్నాయి. అన్నీ ఒకే నీలం కాదు. కొన్ని ముదురు, కొన్ని వెలిసిపోయినవి. వాటిని నేలమీద పరిచి, అటు తీసి ఇటు పెట్టి, ముదురువి వెనక్కి, లేతవి కిటికీ దగ్గరికి సర్దాడు. పాత గోనెసంచి మడిచి మోకాళ్ళ కింద వేసుకున్నాడు. ఉలి పెట్టి మెల్లగా, పక్క బిళ్ళకి దెబ్బ తగలకుండా, తాను బిగించినదాన్ని తానే విప్పడం మొదలుపెట్టాడు. మొదటి రెండు రోజులూ అదే సరిపోయింది. “ఎంత గట్టిగా పెట్టాడండీ వెధవ” అని మధ్యలో ఒకసారి నాతో అన్నాడు. ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాణ్ణి తిట్టుకుంటున్నాడు. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

ఈసారి మొదటి బిళ్ళ సరిగ్గా నడిమధ్య పెట్టాడు.

బీరువాలు పోయాక గదిలో వెలుతురు మారిపోయింది. కిటికీ ఎండ సూటిగా నడుమకి వచ్చి పడుతోంది. ఆవిడ అక్కడికే కుర్చీ లాక్కుంది. పని జరుగుతున్నన్నాళ్ళూ అటు తిరిగి చదువుకునేది. ఆయన అటువైపు నుంచి మోకాళ్ళ మీద ఒక్కో అడుగే దగ్గరికి వస్తూ ఉండేవాడు. చక్రాల కుర్చీ డ్రాఫ్ట్స్‌మన్‌గారు ఇప్పుడు గది మధ్య దాకా వచ్చి, పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని, ఆ నీలం గీత సూటిగా వస్తోందో లేదో ఒక కన్ను మూసి చూసేవారు.

శనివారం మధ్యాహ్నం ఇంక నాలుగు బిళ్ళల పని మిగిలింది. ఆ నాలుగూ ఆవిడ కుర్చీ ముందు. ఆవిడ చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, పాదాలు రెండూ సరిగ్గా ఆ ఖాళీ మీద చాపుకుని ఉంది. మేస్త్రి ఆ పాదాల దాకా సిమెంటు పరిచాడు. బిళ్ళ వెనక తడి చేశాడు. రెండు చేతుల్లో పట్టుకుని ఆగాడు.

“ఇదిగో” అన్నాడు.

ఆవిడ పేజీ తిప్పింది.

“కాలు తియ్యి. సిమెంటు ఆరిపోతుంది.”

ఆవిడ కళ్ళు పుస్తకం మీంచి తియ్యలేదు. పన్నెండు రోజుల తర్వాత ఆయనతో ఆడిన మొదటి మాట అది.

“ఈ పేజీ అయ్యాక.”

ఆయన బిళ్ళ కింద పెట్టలేదు. లేవలేదు. గోనెసంచి మీద అలాగే మోకాళ్ళూని, నీలం బిళ్ళ రెండు చేతుల్లో పట్టుకుని, ఆవిడ ఎన్నో పంక్తిలో ఉందో తెలుసుకోవాలన్నట్టు, నేల వదిలేసి ఆవిడ మొహం చూస్తూ ఉండిపోయాడు.